34 డిగ్రీలకే విశాఖ ఎందుకు ఉడుకుతుంది?

వేసవి రాగానే పత్రికల్లో ఒక పట్టిక మొదలవుతుంది. పైన పల్నాడులోని రెంటచింతల 44, 45 అంకెలతో కూర్చుంటుంది. అడుగున ఎక్కడో విశాఖపట్నం కనిపిస్తుంది, 34 డిగ్రీలతో. అది చూసి లోపలి జిల్లాల్లోని బంధువులు ఫోను చేసి, "మీకేం, సముద్రం పక్కన హాయిగా ఉన్నారు" అంటారు. సరిగ్గా అదే వేళకు ఇక్కడ ఎంవీపీ కాలనీ రైతుబజారు నుంచి రెండు సంచులు మోసుకొచ్చిన మనిషి ఫ్యాను కింద కూర్చుని ఉంటాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంటుంది. పావుగంట గడిచినా చెమట ఆగదు.

పట్టికలో తప్పు లేదు. ఆ మనిషి అవస్థలోనూ అతిశయోక్తి లేదు. థర్మామీటరు గాలి ఎంత వేడిగా ఉందో మాత్రమే చెబుతుంది. ఒంట్లో పుట్టిన వేడి బయటికి పోవడానికి ఆ గాలి దారి ఇస్తుందా లేదా అన్నది దాని లెక్కలో ఉండదు. మన ప్రాణానికి కావలసింది ఆ రెండో లెక్క.

ఒంట్లో వేడి పుట్టడం అన్న మాటను కొంచెం విప్పి చూడాలి. మనం కదలకుండా కూర్చున్నా గుండె, కాలేయం, మెదడు, మూత్రపిండాలు పని చేస్తూనే ఉంటాయి. తిన్న తిండిలోని శక్తి చివరికి వేడిగానే తేలుతుంది. విశ్రాంతిగా ఉన్న పెద్ద మనిషి ఒంట్లో పుట్టే వేడి సుమారు 100 వాట్లు. ఇందులో ఒక్క పిసరు కూడా బయటికి పోకపోతే శరీర ఉష్ణోగ్రత గంటకు ఒక డిగ్రీకి పైగా పెరుగుతుంది. పని చేస్తే సంగతి ఇంకా తీవ్రం. కండరం తాను వాడుకున్న శక్తిలో మహా అయితే నాలుగో వంతును పనిగా మార్చగలదు, మిగతాదంతా వేడే. కైలాసగిరి మెట్లు ఎక్కే మనిషి ఒంట్లో 400 వాట్ల వేడి సులువుగా పుడుతుంది. అదంతా లోపలే ఉండిపోతే పది నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున ఎక్కుతుంది. అంటే మనల్ని ఎండ ఒక్కటే వేడెక్కించదు. మనకు మనమే పొయ్యిలో కట్టెలు ఎగదోసుకుంటున్నాం.

ఇంత వేడి పుడుతున్నా లోపలి ఉష్ణోగ్రత 37 డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంది. ఈ 37 అన్న అంకెను స్థిరపరచింది జర్మన్ వైద్యుడు కార్ల్ వుండర్‌లిష్. 1868లో ఆయన వేలాది రోగుల చంకల్లో థర్మామీటరు పెట్టి తీసిన కొలతలతో పుస్తకం వేశారు. అది శిలాశాసనం కాదు. తెల్లవారుజామున తగ్గుతుంది, సాయంత్రానికి అర డిగ్రీ, ఒక్కోసారి ఇంకొంచెం పెరుగుతుంది. స్త్రీలలో అండం విడుదలయ్యాక కొద్దిగా ఎక్కువ ఉంటుంది. ఇటీవలి కొలతల్లో సగటు 37 కన్నా కాస్త తక్కువే వస్తోంది. పైగా ఇది ఒంటి లోతట్టు భాగాల సంగతి. చర్మం మాత్రం వాతావరణాన్ని బట్టి మారుతూనే ఉంటుంది, మారాలి కూడా.

ఈ వ్యవహారమంతా చూసుకునేది మెదడు అడుగున ఉండే హైపోథాలమస్. దానికి వార్తలు రెండు చోట్ల నుంచి వస్తాయి. ఒకటి దాని గుండా ప్రవహించే రక్తం వేడి, రెండోది చర్మంలోని నాడులు. ఆ నాడీ కణాల మీద వేడికి తెరుచుకునే చిన్న ప్రోటీన్ ద్వారాలు ఉంటాయి. అందులో ఒకటి సుమారు 43 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. మిరపకాయలోని క్యాప్‌సైసిన్ అదే ద్వారాన్ని మామూలు ఉష్ణోగ్రత దగ్గరే తెరుస్తుంది. కొత్త ఆవకాయ అన్నం తింటుంటే నుదుటి మీద, ముక్కు మీద చెమట పట్టేది అందుకే. ఒంట్లో వేడి పెరగకపోయినా, నోరు కాలుతోందన్న కబురు మెదడుకు అందింది, మెదడు చల్లబరిచే పని మొదలుపెట్టింది. ఈ ద్వారాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు, స్పర్శను గుర్తించే ద్వారాల మీద పరిశోధించిన ఆర్డెమ్ పటాపౌటియన్‌కు కలిపి 2021లో వైద్యశాస్త్ర నోబెల్ ఇచ్చారు.

వేడెక్కుతోందని తెలియగానే హైపోథాలమస్ చేసే మొదటి పని చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేయడం. మామూలుగా చర్మానికి నిమిషానికి అర లీటరుకు మించి రక్తం వెళ్లదు. తీవ్రమైన వేడిలో అది ఆరేడు లీటర్ల దాకా పోగలదు. లోపలి వేడిని రక్తం మోసుకొచ్చి చర్మం దగ్గర దించుతుంది. అక్కడి నుంచి అది గాలిలోకి పోవాలి.

పోయే దారులు నాలుగు. కిరణాలుగా పోవడం, తాకిన వస్తువులోకి పోవడం, చుట్టూ కదిలే గాలితో పోవడం, చెమట ఆవిరై దానితో పోవడం. మొదటి మూడూ ఒకే నియమానికి కట్టుబడి ఉంటాయి: వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటికే పోతుంది. వేసవిలో చర్మం 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి 34 ఉంటే తేడా ఒక్క డిగ్రీ. ఆ మూడు దారులూ తెరిచి ఉన్నట్టే ఉంటాయి గానీ వాటిలోంచి ఏమీ పోదు. గాలి 42 అయితే దారి తిరగబడి వేడి లోపలికే వస్తుంది. ఉక్కు కర్మాగారంలో కొలిమి ముందు నిలబడ్డ కార్మికుడికి గాలితో పని లేకుండానే ఎర్రగా కాలుతున్న లోహం నుంచి కిరణాలుగా వేడి వచ్చి తగులుతుంది.

కాబట్టి ఎండాకాలంలో నమ్ముకోదగ్గ దారి ఒక్క చెమటే.

దాని శక్తి చిన్నది కాదు. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే ఒంటి నుంచి సుమారు 580 కిలో కేలరీల వేడి తీసుకుపోతుంది. ఊరికే కూర్చున్న మనిషి తన 100 వాట్లను వదిలించుకోవడానికి గంటకు 150 మిల్లీలీటర్ల చెమట ఆరితే చాలు, చిన్న గ్లాసెడు. మనకు ఇరవై నుంచి నలభై లక్షల దాకా చెమట గ్రంథులు ఉన్నాయి. అవి గంటకు ఒక లీటరు, అలవాటు పడిన ఒంట్లో రెండు లీటర్లు కూడా పోయగలవు. జంతువుల్లో ఈ విద్యలో మనిషిని మించినది దాదాపు లేదు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. చెమట పట్టడం వల్ల ఒళ్లు చల్లబడదు, చెమట ఆరడం వల్ల చల్లబడుతుంది. గడ్డం మీదుగా కారి నేల మీద పడిన చుక్క ఒంట్లోంచి నీళ్లు, ఉప్పు తీసుకుపోయింది గానీ వేడిని తీసుకుపోలేదు.

ఈ సంగతిని చాలా నాటకీయంగా చూపించినవాడు చార్లెస్ బ్లాగ్డెన్ అనే ఆంగ్ల వైద్యుడు. 1774లో ఆయన, కొందరు మిత్రులు లండన్‌లో ఒక గదిని బాగా కాల్చి అందులోకి వెళ్లారు. ఒక దశలో గది వేడి నీరు మరిగే స్థాయిని బాగా దాటి 120 డిగ్రీలకు పైకి పోయింది. గదిలో పెట్టిన గుడ్లు, మాంసం ఉడికిపోయాయి. మనుషులు కొద్ది నిమిషాలు ఉండి క్షేమంగా బయటికి వచ్చారు, వాళ్ల ఒంటి వేడి పెద్దగా మారలేదు. నాకు అంతకన్నా ఆసక్తికరంగా తోచేది ఆ గదిలోనే పెట్టిన నీళ్ల గిన్నె. గాలి అంత వేడిగా ఉన్నా గిన్నెలో నీళ్లు మరగలేదు. పై నుంచి ఆవిరైపోతూ తమను తాము చల్లబరచుకుంటున్నాయి. ఆ నీళ్ల మీద కాస్త నూనె పోశారు. ఆవిరి పోయే దారి మూసుకుంది. నీళ్లు మరిగాయి.

మే నెల విశాఖలో మన ఒంటి మీద ఆ నూనె పొర పనిని గాలిలోని తేమ చేస్తుంది. నీళ్లు ఆవిరవ్వాలంటే చర్మం మీది ఆవిరి ఒత్తిడికి, గాలిలోని ఆవిరి ఒత్తిడికి మధ్య తేడా ఉండాలి. 35 డిగ్రీల తడి చర్మం మీద ఈ ఒత్తిడి సుమారు 42 మిల్లీమీటర్లు, పాదరసం లెక్కలో. ఇప్పుడు రెండు ఊళ్లను పక్కపక్కన పెట్టి చూద్దాం. లోపలి జిల్లాలో 42 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్న మధ్యాహ్నం గాలిలో ఆవిరి ఒత్తిడి 12 మిల్లీమీటర్లు మాత్రమే. తేడా 30. చెమట పట్టినట్టే తెలియదు, పుట్టినది పుట్టినట్టు ఆరిపోతుంది. విశాఖలో 34 డిగ్రీలు, తేమ 75 శాతం అనుకుంటే గాలిలో ఒత్తిడి 30. మిగిలిన తేడా 12. అంటే చెమటను లాగేసుకునే శక్తి ఇక్కడి గాలికి అక్కడి దానిలో సగం కూడా లేదు. గ్రంథులు మాత్రం ఈ లెక్క తెలియక పోస్తూనే ఉంటాయి. ఖర్చు ఉంది, ఫలం లేదు.

మట్టికుండ మీద దీన్ని కళ్లారా చూడవచ్చు. కుండ గోడ గుండా ఊరిన నీరు ఆవిరై లోపలి నీళ్లను చల్లబరుస్తుంది. అనంతపురంలో వేసవి మధ్యాహ్నం పళ్లు జివ్వుమనేలా చేసే కుండ, పెదవాల్తేరులో వంటింటి మూల పెడితే గది కన్నా కాస్త చల్లగా ఉండి ఊరుకుంటుంది. ఎయిర్ కూలర్ కథ కూడా అంతే. ఇక్కడ దాన్ని కొన్నవాళ్లు తొందరలోనే దాని మీద బట్టలు ఆరేయడం మొదలుపెడతారు. తలుపులు మూసి కూలర్ వేసుకుంటే గదిలో తేమ పెరిగి ఉన్న ఉక్కపోతకు ఇంకొంచెం తోడవుతుంది.

శాస్త్రజ్ఞులు ఈ రెండింటినీ, అంటే వేడినీ తేమనూ, ఒకే అంకెలో చెప్పడానికి తడి బల్బు ఉష్ణోగ్రత అన్న కొలత వాడతారు. థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలి తగిలేలా ఉంచితే అది ఎంత దాకా దిగుతుందో ఆ అంకె. చెమట పట్టిన మనిషి చర్మం ఆ గాలిలో అంతకన్నా చల్లబడలేదు. పైన చెప్పుకున్న రెండు ఊళ్లకూ లెక్క కడితే 42 డిగ్రీల పొడి ఊరికి 24, 34 డిగ్రీల విశాఖకు 30 వస్తాయి. పత్రికల పట్టికను ఈ కొలతతో మళ్లీ రాస్తే విశాఖ ఎన్నో రోజులు అడుగు నుంచి పైకి ఎగబాకుతుంది.

30 అంటే ఎంత ప్రమాదం? తడి బల్బు 35 దాటితే నీడలో, ఫ్యాను కింద, చేతినిండా నీళ్లతో కూర్చున్నా మనిషి ఎక్కువ గంటలు బతకలేడని 2010లో షెర్వుడ్, హ్యూబర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సిద్ధాంతపరంగా లెక్క తేల్చారు. 2022లో అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు నిజంగా మనుషులను గదుల్లో పెట్టి కొలిచారు. ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులకు, ఇంటి పనిలాంటి తేలికపాటి కదలికలతోనే, తేమ ఎక్కువ ఉన్న గాలిలో సుమారు 31 దగ్గరే లోపలి వేడి అదుపు తప్పి పెరగడం మొదలైంది. ఆ గీత దాటగానే ప్రాణం పోతుందని దీని అర్థం కాదు. ఒళ్లు సర్దుకోవడం ఆగిపోయి గడియారం మొదలవుతుందని అర్థం. ముసలివాళ్లకు ఆ గీత ఇంకా కిందే ఉంటుంది.

మరి సముద్రపు గాలి మాటేమిటి? అది మనకు మేలు చేసేదే, అయితే రుసుము తీసుకుని చేస్తుంది. మధ్యాహ్నానికి నేల కాగి గాలి పైకి లేస్తే ఆ చోటులోకి బంగాళాఖాతం మీది గాలి వస్తుంది. ఉష్ణోగ్రత పెరగనివ్వదు, వస్తూ వస్తూ బోలెడు ఆవిరిని మోసుకొస్తుంది. ఊళ్లోనే ఈ తేడా కనిపిస్తుంది. వాతావరణ శాఖ విశాఖలో రెండు చోట్ల కొలుస్తుంది, ఒడ్డున వాల్తేరులో ఒకటి, లోపలికి విమానాశ్రయం దగ్గర మరొకటి. వేసవి మధ్యాహ్నాల్లో విమానాశ్రయం అంకె సాధారణంగా పైనే ఉంటుంది. కొన్ని రోజులు పడమటి గాలులు బలంగా వీచి సముద్రపు గాలిని ఒడ్డు దాటనివ్వవు. అప్పుడు బీచ్ రోడ్డులో కూడా వడగాలి కొడుతుంది, ఊరు 40 దాటుతుంది. ఆ రోజు అందరూ భయపడి ఇళ్లలో ఉంటారు. ఉక్కపోత రోజు మాత్రం "34 డిగ్రీలేగా" అని మేస్త్రీ కూలీలను మిట్టమధ్యాహ్నం స్లాబు మీదికి ఎక్కిస్తాడు. నన్ను అడిగితే రెండో రోజే ఎక్కువ మోసకారి.

గాలి కదలిక మాత్రం ఉక్కపోతలో నిజమైన ఆస్తి. చర్మాన్ని ఆనుకుని ఉన్న పలుచటి గాలి పొర మన చెమటతోనే తడిసిపోయి ఉంటుంది. ఫ్యాను దాన్ని తోసేసి కాస్త తక్కువ తడి ఉన్న గాలిని తెస్తుంది. అందుకే విశాఖలో ఫ్యాను ఇంత పని చేస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత కరెంటు లేక గడిపిన రాత్రులు గుర్తున్నవాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. గాలి 40 డిగ్రీలు దాటిన చోట లెక్క మారుతుంది. అక్కడ ఫ్యాను వేడిగాలిని ఒంటి మీదికి తోలే యంత్రం, ఒళ్లు తడుపుకుంటే తప్ప దానితో లాభం లేదు.

వేడి టీ తాగితే ఒళ్లు చల్లబడుతుందన్న మాటలో కొంత నిజం ఉంది. వేడి పానీయం కడుపులోని నాడులను తట్టి చెమటను పెంచుతుంది. ఆ చెమట పూర్తిగా ఆరితే టీ ఇచ్చిన వేడి కన్నా పోయిన వేడి ఎక్కువ. ఆరితే. జగదాంబ కూడలిలో జూన్ మొదటివారంలో ఆ షరతు నెరవేరదు.

చెమట ఆరని రోజు భారమంతా గుండె మీద పడుతుంది. చర్మం చల్లబడటం లేదు కాబట్టి మెదడు ఇంకా ఇంకా రక్తాన్ని చర్మానికి పంపమంటుంది. రక్తనాళాలు వెడల్పయ్యాయి, చెమటతో నీరు పోయింది, రక్తపోటు పడిపోతుంది. దాన్ని నిలబెట్టడానికి గుండె వేగంగా కొట్టుకుంటుంది. వేసవి మరణాల్లో వడదెబ్బ అని నమోదయ్యేవి కొన్నే. ఇలా అలసిపోయి ఆగిన గుండెలు అంతకన్నా ఎక్కువ. గుండెజబ్బు ఉన్నవాళ్లకు, మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందులు, బీపీకి వాడే బీటా బ్లాకర్లు వేసుకునేవాళ్లకు ఈ సర్దుబాటు చేసుకునే వెసులుబాటు తక్కువ. వయసు మీద పడినవాళ్లకు దాహం కూడా ఆలస్యంగా వేస్తుంది. "దాహం వేస్తే తాగుతాలే" అనే తాతగారి మాట వేసవిలో వినకూడదు.

ఎండ లేకపోయినా ఇది జరగవచ్చు. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు సింహాచలం గిరిప్రదక్షిణ చూడండి. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టి 32 కిలోమీటర్లు, చాలామంది రాత్రంతా నడుస్తారు. నెత్తిన సూర్యుడు ఉండడు. అయినా నడిచే ఒళ్లు 250, 300 వాట్ల వేడి పుట్టిస్తుంటుంది. గంటకు 400 మిల్లీలీటర్ల చెమట ఆరాలి. జూలై రాత్రి గాలి దాదాపు నిండుగా తడిసి ఉంటుంది, చుట్టూ గుంపు వల్ల గాలి ఆడదు. దారి పొడుగునా పంచే మజ్జిగలో ఉప్పు వేసే పద్ధతి ఉంది, అది మంచి పద్ధతి. గంటల తరబడి చెమట పోస్తూ ఉత్త నీళ్లు మాత్రమే లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పలచబడి తల తిరగడం, అయోమయం వచ్చే ప్రమాదం ఉంది.

ఒళ్లు అలవాటు పడుతుంది కూడా. రోజూ కొంతసేపు వేడిలో పని చేస్తే వారం నుంచి రెండు వారాల్లో రక్తంలోని ద్రవం పెరుగుతుంది, చెమట ముందుగానే మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. నెల రోజులు ఏసీలో కూర్చుంటే ఆ విద్య చాలావరకు పోతుంది. కొత్తగా పనిలోకి వచ్చిన కూలీకి మొదటి వారమే గండం. అయితే అలవాటు చెమటను పెంచగలదు గానీ గాలిలోని తేమను తగ్గించలేదు. ఎప్పుడూ తడిగా ఉన్న చర్మం ఉబ్బి గ్రంథుల నోళ్లు మూసుకుపోతాయి, చెమటకాయలు లేస్తాయి. అవి లేచిన మేర చెమట సరిగా పట్టదు.

చలి సంగతి మనకు తక్కువే కనుక క్లుప్తంగా చెబుతాను. డిసెంబరులో లంబసింగి వెళ్తే ఇదంతా తిరగబడుతుంది. చర్మపు నాళాలు ముడుచుకుంటాయి, కండరాలు వణికి విశ్రాంతిలో కన్నా నాలుగైదు రెట్లు వేడి పుట్టిస్తాయి. పసికందులకు వణుకు రాదు, వీపు పైభాగంలో ఉండే గోధుమ రంగు కొవ్వును మండించి వెచ్చబడతారు. చలికి మద్యం తాగితే వెచ్చగా అనిపించడం నాళాలు తెరుచుకున్నందువల్ల. నిజానికి ఒళ్లు వేడిని పోగొట్టుకుంటోంది.

చివరిగా, ఇళ్లలో తరచూ జరిగే ఒక పొరపాటు. జ్వరం, వడదెబ్బ రెండింటిలోనూ ఒళ్లు కాలుతుంది గానీ రెండూ వేరు. జ్వరంలో హైపోథాలమస్ తానే లక్ష్యాన్ని 39కి మార్చుకుంది. అందుకే 38 ఉన్నప్పుడు కూడా చలివేసి దుప్పటి అడుగుతాం. పారాసెటమాల్ ఆ లక్ష్యాన్ని మళ్లీ కిందికి దించుతుంది. వడదెబ్బలో లక్ష్యం 37 దగ్గరే ఉంది, వేడి పోయే దారే మూసుకుపోయింది. అక్కడ పారాసెటమాల్‌కు పని లేదు, అప్పటికే దెబ్బ తింటున్న కాలేయానికి అదనపు భారం మాత్రమే. ఒంటి వేడి 40 దాటి మనిషి తికమకగా మాట్లాడుతున్నా, తూలుతున్నా, స్పృహ తప్పినా అది వడదెబ్బే అనుకోవాలి. చెమట పడుతోంది కదా అని తోసిపుచ్చకూడదు, పని చేస్తూ పడిపోయినవాళ్లకు చెమట పడుతూనే ఉండవచ్చు. 108కి ఫోను చేసి, అంబులెన్సు వచ్చేదాకా ఆగకుండా నీడకు చేర్చి బట్టలు వదులు చేసి నీళ్లు కుమ్మరించాలి. తొట్టెలో చన్నీళ్లు ఉంటే మెడదాకా కూర్చోబెట్టి, తల నీళ్లలోకి జారకుండా ఒకరు పట్టుకుని ఉండాలి. ఐసు ఉంటే చంకల్లో, మెడ దగ్గర, గజ్జల్లో పెట్టాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. పొడి ఊళ్లో తడిగుడ్డ కప్పి విసిరితే చాలావరకు పని జరుగుతుంది. విశాఖలో ఆ గుడ్డ ఆరదు, కాబట్టి ఇక్కడ బకెట్ల కొద్దీ నీళ్లు పోస్తూనే ఉండాలి.